గూఢచారి సినిమా – ప్రతినాయకుని చరిత్ర

దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్టాపు వెనుక సందుల్లో, కుర్రాళ్ళ హాస్టళ్ళ కింద ఉండే టీ కొట్ల దగ్గర సినిమాల మీద జరిగే వాదాలు మన సాహిత్య సభల్లో జరిగే వాదాలకంటె ఒక విషయంలో మెరుగు. అక్కడ వాదించేవాడు తాను మాట్లాడే వస్తువును కనీసం మూడుసార్లు చూసి ఉంటాడు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాల నుంచి విజయవాడ రోడ్డు వెంట వచ్చి, ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి, ఇక్కడి కోచింగు సెంటర్లలో చేరిన యువకులే వీరిలో ఎక్కువ. ఈ మధ్య ఒక సాయంత్రం వారి పక్కన గంటసేపు నిలబడి విన్నాను. గూఢచారి సినిమాలలో విలన్ ఎవరు గొప్ప, కథ ఎవరిది, దూకినవాడెవడు? వారికి ఈ మూడే ప్రశ్నలు. మన విమర్శకులు ఈ ప్రశ్నలను అభిమానుల కాలక్షేపమని తోసిపుచ్చుతారు. అభ్యుదయ సాహిత్యంతో వీటికి చుట్టరికం ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు, కథ ఎవరిది అన్న ప్రశ్న. 1966లో సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మించగా ఎం.మల్లికార్జునరావు దర్శకత్వంలో ‘గూఢచారి 116’ వచ్చింది. కృష్ణకు ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు తెచ్చిపెట్టిన చిత్రమది. దానికి సంభాషణలు రాసినది ఆరుద్ర. ‘త్వమేవాహం’ ఆరుద్రే! రజాకార్ల దౌర్జన్యాలకు కదిలిపోయి 1949లో ఆ కావ్యాన్ని వెలువరించిన కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు వెలువడుతున్న ఆ రోజుల్లోనే, తుపాకి పట్టిన సి.ఐ.డి.కి మాటలు రాశాడు. తరువాత 1971లో కృష్ణ గుర్రమెక్కిన ‘మోసగాళ్ళకు మోసగాడు’కూ ఆయనే రచయిత. దీనిని పొట్టకూటి పని అని ఒక్క మాటలో తేల్చేసే మిత్రులున్నారు. శ్రీశ్రీ డబ్బింగు సినిమాల గురించి కూడా వారిది అదే తీర్పు. నేను ఒప్పుకోను. ‘పలకల వెండిగ్లాసు’ వంటి డిటెక్టివ్ నవల రాసినవాడికి ఉత్కంఠ నడపడం పరాయి విద్య కాదు. అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను, ఆ తరువాత మధుబాబు షాడోను చదివిన పాఠకుడే సినిమాహాలులో ప్రేక్షకుడు. ఆ పాఠకుణ్ణి మనం ఎన్నడూ పలకరించలేదు. ఆరుద్ర పలకరించాడు.

మరి అసలు కథ? 116 అనే అంకె ఫ్రెంచి గూఢచారి ఓఎస్ఎస్ 117కు ఒకటి తక్కువ. ఇది కాకతాళీయమని నేననుకోను. ఆ 117ను జాన్ బ్రూస్ అనే ఫ్రెంచి రచయిత 1949లో సృష్టించాడు. ఇయాన్ ఫ్లెమింగ్ తొలి బాండ్ నవల ‘కేసినో రాయల్’ వచ్చింది 1953లో. కనుక బాండే అందరికీ మూలపురుషుడని వాదించే అభిమానులు నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఆ బాండ్ కథలలోనూ ‘థండర్‌బాల్’ ఎవరిదన్న తగవు లండన్ కోర్టుకెక్కి 1963లో రాజీపడింది. వ్యాపార సినిమాలో కథ ఎప్పుడూ ఉమ్మడి ఆస్తే. కోర్టుకు వెళ్ళగలిగినవాడికి వాటా దక్కుతుంది.

దూకినవాడెవడు అన్నది రెండవ ప్రశ్న. 1965 నాటి ‘తేనె మనసులు’లో కృష్ణ స్కూటరు మీద కారును తరిమి, స్కూటరు వదిలి కారు మీదికి దూకే ఘట్టం ఉంది. డూండీ అది చూసే అతణ్ణి గూఢచారిగా ఎన్నుకున్నాడని సినీ చరిత్రలో ప్రసిద్ధం. అంటే తెలుగులో గూఢచారి పుట్టింది ఒక దూకులోంచి. కాని ఆ తరువాతి సినిమాలలో హీరో పేర కనిపించిన వందల దూకులలో ఎన్ని డూపులవో, ఆ డూపుల పేర్లేమిటో టీ కొట్టు దగ్గరి పండితులకు కూడా తెలియవు. ఎముకలు విరిగేది ఒకడికి, ఈలలు పడేవి మరొకడికి. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో స్టంటు కూర్పుకు విడిగా బహుమతి పెట్టింది 2017లో. అదీ ఫైట్ మాస్టరుకే. దూకినవాడు ఇంకా తెర వెనుకే ఉన్నాడు.

‘గూఢచారి 116’కు కెమెరా పట్టినది రవికాంత్ నగాయిచ్. ఎన్.టి.రామారావు స్వయంగా రావణ పాత్ర ధరించి దర్శకత్వం వహించిన ‘సీతారామ కల్యాణం’లో (1961) ట్రిక్ ఫొటోగ్రఫీ ఈయనదే. పది తలలు చూపించిన కెమెరాయే అయిదేళ్ళకు రహస్య స్థావరాన్ని చూపించింది. తరువాతి ఏడు ఆయనే దీనిని హిందీలో ‘ఫర్జ్’గా తీశాడు. జితేంద్రను పెద్ద తారను చేసిన చిత్రమది. హిందీ నుంచి మనం తెచ్చుకున్నవే చెప్పుకుంటాం గాని, ఇది ఇక్కడి నుంచి వెళ్ళింది.

ఈ కెమెరా సంగతి మూడవ ప్రశ్నకు, అంటే ప్రతినాయకుడికి, దారి తీస్తుంది. ఇంగ్లీషు బాండ్ నవలల్లో శత్రువు సోవియట్ రష్యా. 1958 నాటి ‘డాక్టర్ నో’ నవలలో ఆ డాక్టరు రష్యన్ల మనిషి. 1962లో సినిమా తీసేనాటికి అతడు ‘స్పెక్టర్’ అనే దేశంలేని ముఠాకు చెందినవాడయ్యాడు. ప్రపంచమంతటా టిక్కెట్లు అమ్ముకోవలసినవాడికి దేశంలేని శత్రువే లాభసాటి. మన దగ్గర ఆ ఖాళీని పూరించింది ఎవరు? జానపద చిత్రాల్లో రాజ్యాలు కాజేసిన రాజనాల. ‘గూఢచారి 116’లో ఆయన సూటు తొడిగాడు, అంతే. దర్బారు పోయి భూగర్భ స్థావరం వచ్చింది. కాపలా భటులకు కత్తులు పోయి తుపాకులు వచ్చాయి. కె.ఎస్.ఆర్.దాస్ ‘జేమ్స్‌బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978), చిరంజీవి నటించిన ‘గూఢచారి నెం.1’ (1983) వరకు ప్రేక్షకుడు ఈ ప్రతినాయకుణ్ణి చూసి భయపడలేదు, ముచ్చటపడ్డాడు. ఆ అమాయకత్వాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ విలన్ వల్ల బయట ఎవరి ఇంటిమీదా పోలీసులు పడలేదు.

భయం ఈ బస్టాపులోకే వచ్చింది. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో పేలుళ్ళు జరిగిన రోజునే దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌బ్రిడ్జి కింద పేలని బాంబు దొరికింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి సినిమాహాళ్ళ సమీపంలో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలి 17 మందికి పైగా మరణించారు. పుస్తకాల సంచులతో ఆ వేళ బస్సుకోసం నిలబడే ఈ కుర్రాళ్ళలాంటి వాళ్ళకు గాయాలయ్యాయి. భూగర్భ స్థావరం లేదు, మెరిసే మీటలు లేవు. బాంబులు పెట్టింది సైకిళ్ళ మీద. గూఢచారి సినిమాలు చూపించిన ఆ హాళ్ళ ముందరే, ఏ గూఢచారి సినిమా ఊహించని రీతిలో, హాస్టలు కుర్రవాడు రోజూ తొక్కే వాహనమే ఆయుధమయింది.

అంతకు ముందు, 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు పట్టుకుపోయిన ముస్లిం యువకులలో అనేకులను న్యాయస్థానాలు నిర్దోషులని విడిచిపెట్టాయి. ప్రభుత్వమే వారికి పరిహారం ప్రకటించవలసి వచ్చింది. తెర మీద ప్రతినాయకుడి పేరు ఏమిటన్నది అప్పటినుంచి వినోదపు ప్రశ్న కాదు. రాజనాల ముఖం చూసి ఎవరూ పక్కింటివాణ్ణి అనుమానించలేదు. ఒక మతపు పేరు పెట్టగానే అనుమానించడానికి జనం సిద్ధంగా ఉన్నారు. ఆ పేరు రాసేవాడు రచయితే గనుక, మొదటి ప్రశ్నా మూడవ ప్రశ్నా ఇక్కడ కలుస్తున్నాయి.

2018 ఆగస్టులో వచ్చిన ‘గూఢచారి’ని ఈ వెలుగులో చూడాలి. శశికిరణ్ తిక్క దర్శకుడు, కథలోనూ నటనలోనూ అడివి శేష్, మాటలు అబ్బూరి రవి. కథానాయకుడి పేరు గోపి. పాత అభిమానులకు అది వేరే చెప్పనక్కరలేదు. ఉగ్రవాద సంస్థకు పెట్టింది అలవాటైన మతపు పేరే. అక్కడ రచయితలు తేలిక దారి పట్టారు. కాని జగపతిబాబు ధరించిన అసలు ప్రతినాయకుడు, దేశం కోసం చనిపోయాడని కొడుకు నమ్మి పూజించిన తండ్రి. శత్రువు సరిహద్దు దాటి రాలేదు, ఇంటి గోడమీద ఫొటోలోనే ఉన్నాడు. అరవై ఏళ్ళ ఈ పరంపరలో ఇంత సాహసమైన ఊహ మరొకటి నాకు తోచదు.

టీ కొట్టు దగ్గర ఆ సాయంత్రం వాదం దీనిమీదే ఆగింది. విలన్ తండ్రి కావడం వల్ల కథ చెడిందని ఒకతను. తండ్రి కాకపోతే అది మామూలు ఫైటింగు సినిమా అయ్యేదని సూర్యాపేట యాసలో ఇంకొకతను. ‘‘అరె, నీ తండ్రే అట్లయితే ఏం జేస్తవ్ చెప్పు’’ అన్నాడతను. మొదటివాడు జవాబు వెతుక్కుంటుండగా క్లాసు వేళయిందని మూడవవాడు గ్లాసు కిందపెట్టి లేచాడు.