అంచు దాకా తీశారా?

వినాయకచవితికి ముందు ధూల్‌పేట్ వెళ్ళి బొమ్మ తెచ్చుకోవడం మా ఇంట్లో ఆనవాయితీ. పన్లో పనిగా అక్కడే ఉండే పెదనాన్ననీ చూసొస్తాం. చిన్నప్పుడు వేడినూనె పడి కాలిన మచ్చ ఆయన కాలి మీద యాభై ఏళ్ళ పైగా ఉంది. ఆమధ్య దాని మీద పుండు లేచి ఎంతకీ మానలేదు. ముక్క తీసి పరీక్షిస్తే చర్మ క్యాన్సరన్నారు. ఒక ఆస్పత్రిలో కోసి తీసేశారు. కోసిన ముక్క మీద వచ్చిన రిపోర్టులో, అంచు దాకా క్యాన్సర్ కణాలున్నాయన్న ఆఖరి లైను ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. ఏడాది తిరక్కుండా పుండు మళ్ళీ వచ్చింది.

అప్పట్నుంచీ ఈ అంచు గొడవ చదవడం మొదలెట్టా. కాలిన మచ్చల మీద లేచే ఇలాంటి పుళ్ళ గురించి ఫ్రెంచి సర్జన్ మార్జొలిన్ 1828లోనే రాశాడు. అవి క్యాన్సరని మాత్రం ఆయన గుర్తించలేదు. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ మనకి తక్కువే గానీ, ఈ పాత మచ్చలతో జాగ్రత్తగా ఉండాలి.

ఇంతకీ, మొత్తం తీశామని సర్జనుకి ఎలా తెలుస్తుంది? మామూలుగా కోసిన ముక్కని బ్రెడ్డు స్లైసుల్లా చేసి కొన్ని చోట్లే మైక్రోస్కోపు కింద చూస్తారు. అలా కంటబడేది మొత్తం అంచులో ఒక శాతం లోపే! పది టెస్టు కేసులు పాసయ్యాయి కాబట్టి బగ్గుల్లేవని మేం సంబరపడినట్టే.

అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ దీనికో దారి కనిపెట్టాడు. జింక్ క్లోరైడ్ పూస్తే కండ చచ్చిపోయినా, కణాల అమరిక చెదరదని 1930లలో విద్యార్థిగా ఉండగానే గమనించాడు. 1936 నుంచి రోగులకి వాడాడు. పల్చటి పొర తీయడం, దాని అడుగూ పక్కలూ పూర్తిగా చూడటం, మ్యాపు గీసుకుని, మిగిలిన చోటే మళ్ళీ కోయడం, ఇదీ పద్ధతి. 1953లో ఒక కనురెప్పకి పేస్టు లేకుండానే చేశాడు. 1970లలో ట్రోమోవిచ్, స్టెగ్మన్ దాన్ని వాడుకలోకి తెచ్చారు.

అందరికీ మోస్ పద్ధతి కుదరదు లెండి. మచ్చ మీది క్యాన్సర్లకి చుట్టూ మంచి చర్మం కూడా కలిపి వెడల్పుగా తీయడమే ఎక్కువగా చేస్తారు. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచీ ఉన్న క్యాన్సర్ ఆస్పత్రిలో పెదనాన్నకి రెండోసారి అలాగే తీసి, తొడ చర్మం అతికారు. ఏ పద్ధతైనా సరే, "అంచు క్లియరా?" అని అడగాల్సింది మనమే.

ఇప్పుడు ఎవరికి ఆపరేషనయినా పెదనాన్న ఫోన్ చేసి ఒకటే అడుగుతాడు: "రిపోర్టులో ఆఖరి లైను చదివావురా?"