ఆర్ట్స్ కాలేజీలో ఎవరి భాష?

ఉస్మానియాలో చదివి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫోటో దిగనివాళ్లు అరుదు. 1939లో ఆ భవనం తెరిచినప్పుడు లోపల పాఠాలు ఉర్దూలో నడిచేవి. యూనివర్సిటీ 1918లో మొదలైంది. అంతకు ముందే, 1917లో, పాఠ్యపుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టారు. దేశమంతా పై చదువులు ఇంగ్లీషులో సాగుతున్న రోజుల్లో అదేం చిన్న సాహసం కాదు, ఒప్పుకోవాల్సిందే.

కానీ ఓరుగల్లు నుంచి వచ్చిన తెలుగు కుర్రాడి వైపు నుంచి చూడండి. ఇంట్లో తెలుగు, క్లాసులో ఉర్దూ, తప్పనిసరి సబ్జెక్టుగా ఇంగ్లీషు. సంస్థానంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడింది తెలుగే. మరి 'దేశభాషలో చదువు' అంటే ఎవరి భాషలో?

1938లో హాస్టల్లో వందేమాతరం పాడొద్దన్నారు. పాడినవాళ్లని బయటికి పంపారు. గొడవ మిగతా కాలేజీలకీ పాకింది. ఎంతోమంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు, పి.వి. నరసింహారావుతో సహా. దీన్ని మనం జాతీయోద్యమం ఖాతాలో రాసేస్తాం. నాకైతే, ఉంటున్న చోట తమ గొంతు తాము వాడుకోవడానికి కుర్రాళ్లు పడ్డ తగువులా కూడా కనిపిస్తుంది.

1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు వంతు మాత్రం అప్పుడు రాలేదు. ఇవాళ్టికీ తెలుగు మీడియం డిగ్రీతో పీజీకి వచ్చిన పిల్లలు కొందరు మొదటి సెమిస్టరంతా వెనక బెంచీలో నోరు విప్పరు. అదే పిల్లలు సాయంత్రం టీకొట్టు దగ్గర అదే పాఠం మీద వాదించుకుంటుంటే వినాలి.