బచ్చలి బండ నుంచి బాత్రూమ్ టైలు దాకా

పోయినేడు శ్రావణంలో మా అమ్మ మా ఫ్లాట్ బాత్రూమ్‌లో జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. పడింది ఆమె, కానీ ఆ నేలని ఎంచింది నేను. ఎనిమిదేళ్ళ క్రితం ఫ్లాట్ కొన్నప్పుడు బిల్డర్ వేసే మామూలు టైల్స్ వద్దన్నాను. తేడా డబ్బులు కట్టి మరీ, గోడకీ నేలకీ ఒకే రంగు, ఒకే మెరుపు ఉన్నవి వేయించాను. పని అయ్యాక "అద్దంలా వచ్చింది సార్" అన్నాడు మేస్త్రీ. నిజంగానే అద్దంలా ఉండేది. అద్దం మీద తడికాళ్ళతో ఎవరు నడుస్తారన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

నేల మార్చాలని ఈ సంవత్సరం మళ్ళీ టైల్స్ షాపులు తిరిగాను. నాలుగు షాపుల్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: "థీమ్ ఏం అనుకుంటున్నారు సార్?" స్నానం చేసేది ఎవరు, వాళ్ళ వయసెంత అని ఒక్కరూ అడగలేదు. ఏదైనా తప్పు బయటపడితే ఈ లైను ఎవరు రాశారు, ఏ అవసరం కోసం రాశారు అని వెనక్కి తవ్వుకుంటూ పోవడం మా వృత్తిలో అలవాటు. గోడకీ నేలకీ రంగు కలవాలన్న నియమాన్ని అసలు ఎవరు రాశారు? అలా మొదలైంది ఈ తవ్వకం.

మాది కర్నూలు జిల్లా. స్నానం చేసే చోటుని మా వైపు బచ్చలి అంటాం. కోస్తా మిత్రులతో ఈ మాటంటే వాళ్ళకి బచ్చలికూర గుర్తొస్తుంది. మా అవ్వ వాళ్ళింట్లో బచ్చలి అంటే పెరట్లో మూడు పక్కల మొండిగోడ, నీళ్ళతొట్టి, కింద నాపరాతి బండలు. అంతే. నాపరాయి సున్నపురాయి జాతిది. గనిలోనే పొరలుపొరలుగా విడిపోతుంది. అలా విడిన ముఖాన్ని పాలిష్ పట్టకుండా పరిస్తే కాలికి పట్టు దొరుకుతుంది. బేతంచెర్ల, కడప బండలు మా వైపు చేసిన పనే హైదరాబాదు వైపు తాండూరు, షాబాదు బండలు చేశాయి. 1874లో సికిందరాబాదు నుంచి వాడి దాకా నిజాం రైలు మార్గం పడింది. తాండూరు ఆ దారిలోనే ఉంది, షాబాదు వాడికి పక్కనే. బరువైన బండ దూరం పోవాలంటే రైలు కావాలి కదా. హైదరాబాదు పాత ఇళ్ళ నేలలు ఇప్పటికీ ఆ రాళ్ళే.

ఆ రోజుల్లో బండల రంగు ఎవరూ ఎంచలేదు. దగ్గర్లో ఏ గని ఉంటే ఆ రంగు. మేస్త్రీ చూసుకున్నది ఒక్కటే, వాటం. నీళ్ళు నిలవకుండా మూలకి పోవాలి.

ఇక్కడ ఒక మాట దాటేస్తే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. బచ్చలి వేరు, మరుగుదొడ్డి వేరు. దొడ్డి ఉన్న ఇళ్ళల్లో అది పెరటి చివర ఉండేది, దానికి వెనకనుంచి ఇంకో దారి ఉండేది. ఆ దారిలో వచ్చి చేతులతో ఎత్తిపోసే మనుషుల్ని కులమే నియమించింది. ఆ పనిని నిషేధిస్తూ చట్టం 1993లో గానీ రాలేదు, అదీ చాలక 2013లో మరొకటి తేవాల్సి వచ్చింది. ఆ మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లో పొడి మరుగుదొడ్లను కూల్చే ఉద్యమం నడిపిన బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్‌ల కథ ఈ దేశపు బాత్రూమ్ చరిత్రలో మొదటి అధ్యాయం కావాలి. పైపు నీళ్ళు, సెప్టిక్ ట్యాంకు వచ్చాకే ఆ రెండు గదులూ ఒకటై ఇంట్లోకి వచ్చాయి. అలా వచ్చిన గది శుభ్రంగా ఉందని కంటికి రుజువు చూపించాలి. ఆ రుజువే తెల్ల టైలు.

తెల్ల టైలు మన ఊళ్ళో పుట్టిన ఆలోచన కాదు. ఇంగ్లండులో రిచర్డ్ ప్రోసర్ అనే ఆయన 1840లో ఒక పేటెంటు తీసుకున్నాడు. కాస్త చెమ్మ ఉన్న మట్టిపొడిని లోహపు అచ్చుల మధ్య గట్టిగా నొక్కితే చాలు, తడిమట్టిలా నెలల తరబడి ఆరబెట్టక్కర్లేదు, వంకర పోదు. మొదట చొక్కా గుండీల కోసం వాడిన ఈ పద్ధతిని స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని హెర్బర్ట్ మింటన్ టైల్స్‌కి మళ్ళించాడు. ఈనాటి టైల్స్‌లో అత్యధిక భాగం ఇప్పటికీ పొడి నొక్కి చేసినవే.

దానికి గిరాకీ తెచ్చింది మాత్రం భయం. 1854లో లండన్ కలరా, జాన్ స్నో నీటి పంపు కథ చాలామందికి తెలిసిందే. 1882లో కోఖ్ క్షయ క్రిమిని చూపించాక, కంటికి కనపడని శత్రువు ఇంట్లోనే ఉందని అందరికీ అర్థమైంది. చెక్క, వాల్‌పేపర్, తివాచీ అనుమానితులయ్యాయి. నీళ్ళు పీల్చని, తుడిస్తే పోయే, మురికి పడితే వెంటనే కనపడే గోడ కావాలి. ఆసుపత్రులు, పాలకేంద్రాలు, మాంసం కొట్లు తెల్లబడ్డాయి. 1904లో మొదలైన న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లలో మూడు అంగుళాలు ఎత్తు, ఆరు అంగుళాలు పొడుగు ఉన్న తెల్ల టైల్స్ వేశారు. అవే ఇవాళ హైదరాబాదు షాపుల్లో "సబ్‌వే టైల్స్, లేటెస్ట్ సార్" అంటూ నాకు చూపించారు. నూట ఇరవయ్యేళ్ళ లేటెస్టు!

మన దగ్గర జాన్సన్ టైల్స్ కంపెనీ 1958లో మొదలైంది. నా చిన్నప్పుడు చూసిన మధ్యతరగతి బాత్రూమ్ నాకింకా కళ్ళకి కడుతుంది: నడుమెత్తు దాకా ఆరంగుళాల తెల్ల టైల్స్ డాడో, పైన సున్నం, కింద మొజాయిక్. ఎవరింటికెళ్ళినా అదే. ఆ తెలుపుకి రోజూ ఒక చాకిరీ ఉండేది. నాపరాయి మీద యాసిడ్ పోస్తే నురగొచ్చి రాయి తినేస్తుంది. మెరుగు పూసిన టైలు యాసిడ్‌కి తట్టుకుంటుంది. అందుకని ఆదివారం ఆదివారం యాసిడ్ సీసా, కొబ్బరి పీచు, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకున్న అమ్మ. గోడ మీద మచ్చ ఉంటే అది గోడ తప్పు కాదు, ఆడవాళ్ళ తప్పు. క్రిమిని పట్టించడానికి పుట్టిన తెలుపు మా ఇళ్ళల్లో మనుషుల్ని పట్టించింది.

మరి మ్యాచింగ్? దానికీ ఒక పుట్టిన తేదీ ఉంది. 1927లో అమెరికాలో కోహ్లర్ కంపెనీ స్నానపు తొట్టి, వాష్ బేసిన్, కమోడ్ మూడింటినీ ఒకే రంగులో అమ్మడం మొదలుపెట్టింది. వినడానికి చిన్న విషయమే. కానీ తొట్టి పోతఇనుము మీద ఎనామెల్, కమోడ్ పింగాణీ. వేరువేరు పదార్థాలు వేరువేరు వేడిలో కాలి, చివరికి ఒకే లావెండర్ రంగుకి రావాలి. అది ఇంజినీరింగ్ ఘనకార్యమే, ఒప్పుకుంటాను. దాని వెనకున్న వ్యాపారం కూడా అంతే ఘనమైంది. తెల్లవి ఏ కంపెనీవైనా పక్కపక్కన ఇమిడిపోతాయి. లావెండర్ బేసిన్ కొన్నాక లావెండర్ తొట్టే కొనాలి. ఒకటి పాతబడితే మొత్తం సెట్టు పాతబడుతుంది. క్రిమి భయం పోయిన చోట పాతబడిపోయామన్న భయం వచ్చి కూర్చుంది.

మన షాపుల్లో అది "డార్క్, లైట్, హైలైటర్" అనే త్రిమూర్తులుగా అవతరించింది. కింది వరసలు ముదురు రంగు, పైన లేత రంగు, మధ్యలో పువ్వో గులకరాళ్ళో ఉన్న హైలైటర్, ఆ మూడింటికీ జోడీగా నేల టైలు. ఈ సెట్లలో అధిక భాగం వచ్చేది గుజరాత్‌లోని మోర్బీ నుంచి. టైల్స్ తయారీలో చైనా తర్వాత మన దేశమే, మన దేశంలో మోర్బీయే. ఒకప్పుడు పెంకులకీ గోడ గడియారాలకీ పేరున్న ఊరు. 1979 ఆగస్టు 11న మచ్ఛు ఆనకట్ట తెగి మునిగిపోయిన ఊరు. అలాంటి ఊరు మళ్ళీ లేచి ఇవాళ మన గోడలన్నీ కప్పుతోంది. లేచినందుకు కట్టిన ధరా ఉంది. బొగ్గు నుంచి గ్యాసు తీసి బట్టీలు మండించే పద్ధతి గాలినీ నీళ్ళనీ పాడుచేస్తోందని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని మూయించాల్సి వచ్చింది. క్వార్ట్జ్ పొడి పీల్చే పనివాళ్ళకి సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఆ పొడిలో మన వాటా లేదనుకోవద్దు. టైలుకి కావలసిన ఫెల్డ్‌స్పార్ తవ్వే రాష్ట్రాల్లో రాజస్థాన్‌తో బాటు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి.

గత ఇరవయ్యేళ్ళలో ఇంకో మలుపు తిరిగింది. టైలు మీద బొమ్మని ఇప్పుడు ఇంక్‌జెట్ ప్రింటరే కొడుతుంది. పాలరాయి, టేకు చెక్క, సిమెంటు గోడ, ఏది కావాలంటే అది. అంటే రంగుకీ, రాయికీ, గనికీ ఉన్న పాత బంధం తెగిపోయింది. కంటికి కనపడేది ఏదైనా కావచ్చు. కాలికి తగిలేది మాత్రం వేరే లెక్క. ఆ లెక్క డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నేను ఎనిమిదేళ్ళు ఆలస్యంగా చదివాను.

గోడ టైలు సాధారణంగా పది శాతానికి మించి నీళ్ళు పీలుస్తుంది. తేలిక, సులువుగా తెగుతుంది, గోడకి చక్కగా అతుక్కుంటుంది. కానీ మనిషి బరువుకి పనికిరాదు. నేలకి వేసే విట్రిఫైడ్ టైలు పీల్చేది అర శాతం లోపు. ఇక జారుడుకి జర్మన్ల కొలత ఒకటుంది. పలక మీద సబ్బునీళ్ళు పారిస్తూ ఒక మనిషిని వట్టికాళ్ళతో నడిపిస్తారు. పలకని మెల్లగా వాలుస్తూ పోతారు. పన్నెండు డిగ్రీల దాకా నిలబడితే ఏ, పద్దెనిమిది దాకా అయితే బి, ఇరవైనాలుగు దాకా అయితే సి. బూట్లు వేసుకుని, నూనె మీద నడిచే పరీక్షకి ఆర్ 9, ఆర్ 10 అనే వేరే అంకెలున్నాయి. షాపులో ఎవరైనా చెప్తే చెప్పేది ఈ రెండోది. మనం బాత్రూమ్‌లోకి బూట్లతో పోం కదా. ఇంత పరిశోధనలో నాకు నచ్చింది ఆ మొదటి పరీక్షే. అందులో ఒక మనిషి ఉన్నాడు, అతని కాళ్ళు తడిగా ఉన్నాయి.

చివరికి అడుగు పొడుగు, అడుగు వెడల్పున్న గరుకు టైల్స్ తీసుకున్నాను, బి తరగతివి. చిన్నవైతే వాటానికి ఒదుగుతాయి. రెండడుగులు, నాలుగడుగులు ఉన్న పలకని నీళ్ళ జాలీ వైపు నాలుగు పక్కల నుంచీ వాల్చాలంటే కోసి ముక్కలు చేయక తప్పదు. చిన్నవాటికి అతుకులెక్కువ, అతుకు కూడా కాలికి పట్టే. గ్రౌట్‌లో మురికి చేరుతుంది, నిజమే. ఆదివారం బ్రష్ ఇప్పుడు నా చేతిలో ఉంది కాబట్టి ఆ లెక్క నేను చూసుకోవచ్చు. డబ్బాలన్నిటి మీదా బ్యాచ్, షేడ్ నంబరు ఒకటేనా అని చూసి, ఒక డబ్బా ఎక్కువే తెచ్చాను. పాత టైల్స్ మీదే కొత్తవి అంటిస్తే నేల ఎత్తు పెరిగి నీళ్ళు హాల్లోకి వస్తాయని, పాతవి పగలగొట్టించి, వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ వేయించాం.

గోడలు ముట్టుకోలేదు. అవి ఇంకా పాత క్రీమ్ రంగులో మెరుస్తూనే ఉన్నాయి. "మ్యాచ్ అవ్వదు సార్, మళ్ళీ ఆలోచించుకోండి" అన్నాడు షాపతను, నా మంచి కోరే. బిల్లు రాస్తుంటే టైలుని వెలుతురులోకి తిప్పి చూశాను. బూడిద నలుపు, పొరలు లేచినట్టు గరుకు, అక్కడక్కడా సన్నటి గీతలు. ప్రింటరు కొట్టింది నాపరాయినే. గజం దూరం నుంచి చూస్తే మా అవ్వ వాళ్ళ బచ్చలి.

అమ్మకి చూపించాను. "దీనికి కూడా డబ్బులు తీసుకుంటారా నాయనా?" అంది. నవ్వాను. తనూ నవ్వింది. కానీ ఇప్పటికీ గడప దగ్గర ఒక క్షణం ఆగి, ఎడమచేత్తో గోడకి బిగించిన కమ్మీ పట్టుకునే లోపల అడుగు పెడుతుంది. నేల మార్చడానికి మేస్త్రీకి వారం పట్టింది.