పలనాటి శిలమీది మధుపాత్ర

రెంటచింతల పేరు చెప్పగానే మనవారికి ఎండ జ్ఞాపకము వచ్చును. వేసవిలో పత్రికలు ఈ ఊరి ఉష్ణోగ్రతను ప్రత్యేకముగా ప్రకటించుట మనము చూచుచునే యున్నాము. తెల్లవారుజామున దింపిన తాటికల్లు ఇక్కడ మధ్యాహ్నమునకే పులిసి పనికిరాకుండ పోవును. ఇట్టి సీమలో, ఎన్నడో ద్రాక్షసారా పాత్రను రాతిపై చెక్కిన శిల్పి యొకడుండెననిన వింతగా తోచును.

ఫ్రాన్సుదేశములో ద్రాక్షతోటల సీమలను చూడబోవువారు ఏ తోటకు ఎప్పుడు పోవలెను, ఏ నేలమాళిగలో ఏ సారాను రుచి చూడవలెను అని ముందుగనే పట్టిక వ్రాసికొందురు. మన పలనాటి విద్యార్థులకు అంతదూరపు ప్రయాణము అక్కరలేదు, సారాతో అసలే పనిలేదు. మాచర్లమీదుగా విజయపురి సౌతుకు పోయి లాంచి ఎక్కినచో చాలును.

క్రీ. శ. 3వ శతాబ్దములో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి అక్కడనే యుండెను. దాని శిథిలములు 1926లో బయటపడినవి. తరువాత లాంగ్‌హర్‌స్టు త్రవ్వకములు జరిపెను. నాగార్జునసాగరపు నీటిలో లోయ మునిగిపోవునని తెలిసి, 1954 నుండి 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున విస్తారముగా త్రవ్వి, ముఖ్యమైన వానిని కొండమీదికి చేర్చిరి. రాజభవన స్థలములో దొరికిన శిల్పములలో గడ్డము గలిగి, సగము దిగంబరుడై, చేత కొమ్ముపాత్ర పట్టుకొనిన పురుషుడొకడు గలడు. అతని ప్రక్కన సారాపీపా వంటి పాత్ర యున్నది. గ్రీకుల మధుదేవతయైన డయొనైససుగా అతనిని పండితులు గుర్తించిరి.

అంతమాత్రమున విజయపురి రాజులు పశ్చిమదేశపు ద్రాక్షసారా త్రాగిరని చెప్పవచ్చునా? నాకు ఇక్కడ తొందర పనికిరాదనిపించును. బొమ్మ దేశములు దాటి రావచ్చును, పానీయము రాకపోవచ్చును. రోమను బంగారు నాణెములు మన వినుకొండలోనే దొరికినవి, కనుక వర్తకముండుట నిజము. 1వ శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథమైన పెరిప్లసు, భరుకచ్ఛ రేవునకు ఇటలీ, అరేబియా సారాలు వచ్చుచుండెనని చెప్పును. కాని కృష్ణాతీరపు మసాలియాను గూర్చి చెప్పునప్పుడు అక్కడి సన్నని నూలుబట్టలను మాత్రమే పేర్కొనును. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో వీలరు త్రవ్వించినప్పుడు సారా తెచ్చు రోమను జాడీలైన ఆంఫొరాల పెంకులు దొరికినవి. అచ్చట సాక్ష్యము మట్టిపెంకు, ఇచ్చట సాక్ష్యము బొమ్మ. రెండింటి బలము ఒకటి కాదు.

అసలు అంతదూరము వచ్చిన సారా చెడిపోకుండునా? ఈజిప్టు రేవులనుండి ఓడలు జూలైలో బయలుదేరి నైరృతి ఋతుపవనముతో వచ్చెడివి. జాడీల లోపల కీలు పూసెడివారు. కోసు ద్వీపపు సారాలో సముద్రపు నీరు కలిపెడివారు. ఇవి అనుభవముమీద కనుగొన్న ఉపాయములు. కారణము తెలియుటకు పాశ్చరు పుట్టవలసివచ్చెను. ఫ్రాన్సులో తాను పెరిగిన ఆర్బువా గ్రామమునకే 1864లో సూక్ష్మదర్శినితో పోయి, సారా చెడుట సూక్ష్మజీవుల పనియని చూపెను. గాలి తగులకుండ 50, 60 డిగ్రీలవరకు వేడిచేసినచో అవి నశించును. 1866లో తన గ్రంథము ప్రకటించెను. నమ్మనివారికొరకు పరీక్షయు జరిగెను: 500 లీటర్ల సారాలో సగము వేడిచేసి, సగము అట్లే యుంచి, జాన్ బార్ అను ఓడలో పంపిరి. 10 నెలలకు ఓడ తిరిగివచ్చినప్పుడు వేడిచేసినది కమ్మగా నుండెను. చేయనిది వగరెక్కి పులుపునకు తిరుగుచుండెను. రంగు చూచిన రెండును తేటగానే యుండెను. భేదము చెప్పినది నాలుకయే. రుచి చూచుట వట్టి విలాసము కాదనుటకు ఇంతకన్న నిదర్శనమెందుకు?

నేటి రసాయనజ్ఞులు పాతపెంకులకు అంటిన మడ్డిలో టార్టారిక్ ఆమ్లము కొరకు వెదకుదురు. అది ద్రాక్షలో విశేషముగా నుండును. ఐరోపాలో ఈ గుర్తు చాలవరకు పనిచేయును. మన దేశములో దీనికొక చిక్కు గలదు. చింతపండు పులుపు కూడ ఆ ఆమ్లముదే! పేరులోనే చింత గల ఊరివారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పులుసుకుండను సారాజాడీయని భ్రమపడకుండుటకు, నల్లద్రాక్ష రంగునుండి పుట్టు సిరింజిక్ ఆమ్లమును కూడ వెదకవలెను. ఉపాధ్యాయులు తరగతిలో చింతపండు రసమును, పచ్చిద్రాక్ష రసమును కండ్లు మూయించి రుచి చూపినచో పిల్లలు ఎంతవరకు వేరుచేయగలరో తెలియును.

నాగార్జునకొండ ప్రయాణమునకు చలికాలము మంచిది, ఉదయపు లాంచి మరింత మంచిది. మ్యూజియమునకు శుక్రవారము సెలవు. లోపల మొదట బుద్ధుని శిల్పములు మనసు లాగుకొనును; వానిని తీరికగా చూచి, తరువాత రాజభవనపు శిల్పములను అడిగి చూడవలెను. ప్రతి విద్యార్థియు పుస్తకములో ఒకవైపు కంటికి కనబడినది, రెండవవైపు తాననుకొనినది వ్రాయవలెను. మధుపాత్ర ఎదురుపడినచో, లేక దాని ఛాయాచిత్రము దొరికినచో, ముందు అడుగును గీయవలెను. ఆంఫొరా అయినచో అడుగు కోసుగా నుండును. ఫ్రాన్సు ప్రాచీనులైన గాలులు వాడిన కొయ్యపీపా అయినచో చుట్టును పట్టీలుండును. అడుగు గుండ్రముగా, పట్టీలు లేకుండ నున్నచో, అది మన కుమ్మరి చేసిన కుండయే కావచ్చును.