దూడ వాటా



మైదానంలో ఆవు ఈనిందంటే ఇంటిల్లిపాదికీ ముందు గుర్తుకు వచ్చేది జున్ను. బెల్లం, మిరియాలు వేసి వండి ఇరుగుపొరుగుకు పంచిపెట్టడం ఒక మర్యాద. అరకు లోయలోను, పాడేరు, అనంతగిరి కొండలలోను పాతకాలంలో ఈ ముచ్చట అంతగా లేదు. తూర్పు కనుమలలోని గిరిజనులు అనేకులు ఆవు పాలు పితికేవారే కారు. పాలు దూడవి, మనవి కావు అనేది వారి లెక్క. కిందినుంచి వెళ్లినవారు దీనిని వెనుకబాటుతనం కింద జమకట్టారు. కొట్టం నిండా ఆవులుంచుకొని పాలచుక్క ఎరగరేమిటని నవ్వినవారూ ఉన్నారు. ఆ నవ్వు ఎంతవరకు సబబో ఈ వేళ చూద్దాం.

కొండ రైతుకు ఆవు అంటే పాలకుండ కాదు, ఎద్దును ఇచ్చే తల్లి. దుక్కి ఎద్దు, పొలానికి గత్తం, పెళ్లికి ఓలి, పండుగకు బలి అన్నీ మందలోంచే రావలె. ఆవు చూస్తే పొట్టిది, మేత చూస్తే అడవి మేత. పూటకు శేరు పాలు రావడమే గగనం. ఆ కాస్తా మనిషి తీసుకుంటే దూడ నిలవదు. దూడ నిలవకపోతే నాలుగేళ్ల తరువాత నాగలి ఆగిపోతుంది. ఇది చదువు లేనివారి మూఢనమ్మకం కాదండీ, ఇంటి లెక్క.

ఈ లెక్కలో సగానికి శాస్త్రం సాక్ష్యం పలికింది 1922లో. అమెరికాలోని ప్రిన్స్‌టన్ వద్ద రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసే థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే శాస్త్రజ్ఞులు అప్పుడే పుట్టిన దూడలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు జున్నుపాలు తాగనిచ్చారు, రెండవ జట్టుకు ఇవ్వలేదు. తాగిన దూడలు నిలిచాయి. తాగనివాటిలో ఎక్కువ భాగం కొద్దిరోజులలోనే చనిపోయాయి.

కారణం ఏమిటంటే, మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే రోగాన్ని ఎదిరించే శక్తి కొంత అందుతుంది. ఆవు, గేదె, గొర్రె, మేక మాయలో ఆ శక్తి దాటిపోయే వీలు లేదు. కాబట్టి దూడ గాని, గొర్రెపిల్ల గాని ఈ లోకంలోకి వట్టి చేతులతో వస్తుంది. తల్లి తన శక్తినంతా జున్నుపాలలో మూటగట్టి ఉంచుతుంది. ఆ మూటను పేగు యథాతథంగా లోపలికి తీసుకునేది మొదటి కొన్ని గంటలే. గంటలు గడిచేకొద్దీ దారి మూసుకుంటూ వస్తుంది, 24 గంటలకు దాదాపు మూసుకుపోతుంది. రేపు కడివెడు తాగించినా ఈ రోజు పోయినది తిరిగి రాదు. అందుచేత 18 కిలోల దూడకు మొదటి రోజు మూడు నాలుగు దఫాలుగా సుమారు 2 లీటర్లు పట్టవలెను, తొలి దఫా రెండు గంటలు దాటకూడదు. రెండు కిలోల మేకపిల్లకైనా పావు లీటరుకు తగ్గకూడదు. మాయ పడేవరకు పాలు పితకరాదని, పిల్లకు ఇవ్వరాదని కొందరు అంటారు. ఆ మాట వినకండి.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు మొదలైనాయి. మంచిదే. కాని వాహనం ఘాటీ ఎక్కి వచ్చేసరికి ఆ మొదటి రెండు గంటలు గడిచిపోవచ్చు. ఆ రెండు గంటల వైద్యుడు మీరే.

మరి దూడకు పాలన్నీ వదిలిన కొండలో మందలు ఎందుకు నిలవలేదు? ఇక్కడే ఆచారం సరిపోలేదు. పూర్వం సాలూరు వంటి కనుమదారుల వెంట లంబాడీల పెరికెద్దులు కోస్తా ఉప్పును పైకి, కొండ ధాన్యాన్ని కిందికి మోసేవి. పశువు నడిచే దారే రోగం నడిచే దారి. మనవాళ్లు పెద్దరోగం అని, ముసరవ్యాధి అని పిలిచిన రిండర్‌పెస్ట్ ఒకసారి మందలో అడుగు పెడితే కొట్టాలు ఖాళీ అయ్యేవి. నోట పుండ్లు, కంట నీరు, ఆగని పారుడు, వారం పది రోజులలో చావు. అమ్మవారికి కోపం వచ్చిందని పొలిమేరలో మొక్కులు చెల్లించేవారు. అంతకుమించి చేతిలో మందేదీ లేదు.

ప్రభుత్వం వేసిన పశువుల ప్లేగు కమిషన్ నివేదిక 1871లో వెలువడింది. 1889లో పూనాలో పెట్టిన ప్రయోగశాలను 1893లో హిమాలయాలలోని ముక్తేశ్వర్‌కు మార్చారు. పేరుమోసిన రాబర్ట్ కాక్ 1897లో అక్కడికి వచ్చి ఈ రోగాన్నే పరిశీలించాడు. అసలు మేలు జరిగింది మాత్రం మేక వల్ల. ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు రోగక్రిమిని ఒక మేక నుంచి మరొక మేకకు మారుస్తూ, దాని వాడి తగ్గించి, 1927 ప్రాంతంలో టీకా మందు తయారుచేశాడు. కొండ రైతు అమ్మవారికి బలి ఇచ్చే మేకే ఆవును కాపాడింది చూడండి! 1954లో దేశమంతటా నిర్మూలన పథకం మొదలైంది. తరువాత కెన్యాలో ప్లోరైట్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకా మెత్తని టీకాను తెచ్చాడు. మన దేశంలో చివరి కేసులు 1995లో కనిపించాయి. 2006లో దేశానికి, 2011లో ప్రపంచానికి ఈ రోగం పీడ వదిలింది.

ఈ చరిత్రలో దూడకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. టీకా పడిన తల్లి జున్నుపాలు తాగిన దూడకు ముసరవ్యాధి నుంచి కొన్ని నెలలు రక్షణ దొరికేది. అంటే కొండవారు దూడకు వదిలిన పాలకు అసలు బలం వచ్చినది తల్లికి సూది పడిన తరువాత. ఈ సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. గొర్రెలు, మేకలను చంపే పి.పి.ఆర్. అనే జబ్బు ఆ ముసరవ్యాధికి దాయాది. మన దేశంలో దానిని 1987లో తమిళనాడులో మొదటిసారి గుర్తించారు. తల్లికి ఈ టీకా పడి ఉంటే పిల్లకు తొలి నెలలు గడుస్తాయి. మూడు నాలుగు నెలలు నిండగానే పిల్లకూ వేయించవలెను. గొంతువాపుకు మాత్రం ఏటా తొలకరికి ముందే సూది పడాలి.

తల్లి సంగతి. కొన్నిచోట్ల ఆవును కూడా నాగలికి కడతారు. చూడి ఆవును చివరి రెండు మూడు నెలలు కాడికి దూరంగా ఉంచండి. అడవిలోకి తోలకుండా ఇంటిపట్టునే గుప్పెడు చోడి గడ్డి, కాస్త తవుడు పెట్టండి. అడవిలో ఈనిన ఆవు దూడ లేచి పొదుగు పట్టిందో లేదో చూసేవారుండరు. మాయ 12 గంటలు దాటినా పడకపోతే రాయి కట్టి వేలాడదీయకండి, చెయ్యిపెట్టి లాగకండి, డాక్టరును పిలవండి. దూడ బొడ్డుకు పేడ, బూడిద రాయడం వల్ల ధనుర్వాతం వస్తుంది. బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో శుభ్రమైన దారంతో ముడివేసి, మరగబెట్టిన బ్లేడుతో కోసి, టింక్చర్ అయోడిన్ అద్దితే చాలు.

ఇప్పుడు కొండలలోనూ పాలు అమ్మడం నేర్చుకుంటున్నారు. డబ్బు కళ్లజూడడం తప్పు కాదు, పిల్లలు పాలు తాగడం అంతకంటే మంచిది. నాకు భయమల్లా, మైదానంవారి పాల వ్యాపారంతోపాటు జున్ను ముచ్చట కూడా ఘాటీ ఎక్కుతుందేమోనని. (జున్ను నాకూ ఇష్టమే, చెప్పకపోతే అబద్ధమవుతుంది.) మొదటి నాలుగు రోజుల పాలు అమ్మకానికి లేవని ఇంట్లో నిర్ణయించుకోండి. దూడ కడుపు నిండాక మిగిలితేనే జున్ను. ఆ పైన కూడా మూడు నెలలు నిండేవరకు ఒక చన్ను దూడకు పూర్తిగా వదలండి, తక్కినవి పితుక్కోండి.

దూడకు, అందులోను గేదెదూడకు, పదిహేను రోజులు రాగానే ఏలికపాముల మందు పట్టించండి. ఆ పురుగులు తల్లిపాల ద్వారానే వస్తాయి గనుక దూడ బాగా తాగుతున్నదని ధీమాగా ఉండకూడదు. మోతాదు పశువైద్యుడిని అడగండి. పుష్యమాసంలో లంబసింగి, చింతపల్లి వైపు నీళ్లు గడ్డకట్టేటంత చలి వేస్తుంది. ఆ రాత్రులు దూడ కింద ఎండుగడ్డి మందంగా పరచి, తడిసినది తడిసినట్టు తీసివేసి, వీపున గోనె కప్పి, గాలి కొట్టే వైపు తడిక కట్టండి.