కుళాయి నీళ్లలో దొరికిన రహస్యం

కప్ప గుండెను కోసి బయటికి తీసినా, సరైన ద్రవం అందుతూ ఉంటే అది గంటల తరబడి కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ ద్రవంలో ఏముండాలో తేలడానికి కారణం లండన్ కుళాయి నీళ్లు. ఈ సంగతి చదివినప్పటి నుంచీ ఆసుపత్రిలో స్టాండుకు వేలాడే సెలైన్ బాటిల్‌ను చూస్తే నాకు మహా ముచ్చట.

సిడ్నీ రింగర్ లండన్ యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్లో పేరున్న వైద్యుడు. రోగులను చూడటమే వృత్తి. వార్డు పనికి అటూ ఇటూ దొరికిన సమయంలో ప్రయోగశాలలో కప్ప గుండెల ముందు కూర్చునేవాడు. రక్తంలో ఉన్న లవణాల్లో గుండెను కొట్టించేవి ఏవి? ఇదీ ఆయన ప్రశ్న. 1882లో జవాబు దొరికిందనుకున్నాడు. నీళ్లలో ఉప్పు, దానికి తోడు ఇంత పొటాషియం ఉంటే చాలని అచ్చు వేశాడు. తీరా డిస్టిల్డ్ వాటర్‌తో కొత్తగా ద్రావణం కలిపి చూస్తే గుండె నీరసించిపోయి, సుమారు ఇరవై నిమిషాల్లో ఆగిపోయింది. అదే ఉప్పు, అవే కొలతలు. తేడా ఎక్కడుంది?

ఆరా తీస్తే బయటపడింది. అంతకు ముందు ద్రావణం కలిపింది కుళాయి నీళ్లతో! డిస్టిల్ చేయడం శ్రమ, ఎవరు కనిపెడతారులే అని ప్రయోగశాల సహాయకుడు పంపు నీళ్లు పట్టాడని శరీరశాస్త్రవేత్త హెన్రీ డేల్ తరవాతి రోజుల్లో చెప్పేవాడు. ఆ నీళ్లు సరఫరా చేసింది న్యూ రివర్ కంపెనీ. హెర్ట్‌ఫర్డ్‌షైర్ ఊటల నుంచి లండన్‌కు 1613లో తవ్వి తెచ్చిన కాలువ వాళ్లది. సుద్దరాయి నేలలోంచి ఊరిన నీళ్లు కాబట్టి వాటిలో కాల్షియం ఉంటుంది. రింగర్ ఆ నీటి విశ్లేషణను కూడా తన వ్యాసంలో ఇచ్చాడు: పది లక్షల పాళ్లలో కాల్షియం 38 పాళ్ల చిల్లర. లెక్క కడితే లీటరుకు ఒక మిల్లీమోల్‌కు కాస్త తక్కువ. మన రక్తంలో దేనికీ అంటుకోకుండా తిరిగే కాల్షియం లీటరుకు 1.1 నుంచి 1.3 మిల్లీమోల్స్. నాకు ఒళ్లు జలదరించింది ఇక్కడే. ఇంకో ఊరి నీళ్లయితే ఆ గుండె కొట్టేదో లేదో.

గుండెను కొట్టించింది ఆ కాల్షియమే. మన గుండెలో ప్రతి స్పందనకూ కొంత కాల్షియం కణంలోకి దూరి, లోపల దాచి ఉన్న మరింత కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. అప్పుడే కండరం ముడుచుకుంటుంది. ఈ వివరమంతా తేలడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. రింగర్ చేసిన గొప్ప పని వేరే ఉంది. 1883 వ్యాసంలో మొట్టమొదటే, కిందటేడు తాను రాసింది కుళాయి నీళ్ల వల్ల చెడిందని బాహాటంగా చెప్పేశాడు. సహాయకుడి మీదికి నెట్టలేదు, అడుగున చిన్నక్షరాల్లో దాచలేదు. పరిశోధనా పత్రాల్లో ఆ సంస్కారం ఇప్పుడు అరుదైపోయింది. అది పోయినందుకు నాకు బాధగా ఉంది.

అంతకు యాభై ఏళ్ల ముందే జరిగిన మరో నష్టం ఇంకా పెద్దది. 1831 చివర ఇంగ్లండులో కలరా దిగింది. విలియం ఓషానెసీ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు సండర్లాండ్ వెళ్లి రోగుల రక్తం పరీక్షించాడు. రక్తంలో నీరు, ఉప్పు, క్షారం తరిగిపోయాయని, వాటిని తిరిగి అందించాలని రాశాడు. అప్పటి వైద్యులేమో అలాంటి రోగి నుంచే ఇంకా రక్తం తీస్తున్నారు! ఆయన మాట పట్టుకుని 1832లో స్కాట్లండులోని లీత్‌లో థామస్ లాట్టా ఒక ముసలామె నరంలోకి ఉప్పు, సోడా కలిపిన నీళ్లు ఎక్కించాడు. కళ్లు లోతుకు పోయి, నాడి అందని మనిషి. ఔన్సు తరవాత ఔన్సు ఎక్కిస్తున్నా మొదట చలనం లేదు. తరవాత ముఖం తేటపడింది, నాడి తిరిగొచ్చింది, చేతులు కాళ్లు వెచ్చబడ్డాయి. అరగంటలో మూడు లీటర్ల పైచిలుకు ఎక్కింది. ఆమె హుషారుగా మాట్లాడింది, ఇక నిద్రపోతే చాలంది. లాట్టా ఆమెను ఆసుపత్రి సర్జన్‌కు అప్పగించి వెళ్లాడు. వాంతులు, విరేచనాలు మళ్లీ పట్టుకున్నాయి. మళ్లీ ఎక్కించిన వాళ్లు లేరు. అయిదున్నర గంటల్లో ప్రాణం పోయింది. ఇంకోసారి ఎక్కించి ఉంటే బతికేదని లాట్టాయే రాశాడు. మరుసటి ఏడాది ఆయనా పోయాడు, ఆ వైద్యమూ మూలపడింది. ఓషానెసీ కలకత్తా చేరి, చివరికి ఇండియాలో టెలిగ్రాఫ్ తీగలు వేయించినవాడిగా పేరు పొందాడు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ కలరా రోగులకు ఉప్పునీళ్లు పట్టుదలగా ఎక్కించేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చేసింది. మధ్యలో ఎన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఒంట్లోని ద్రవాల నిలకడే జీవికి స్వేచ్ఛ అని ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ పంతొమ్మిదో శతాబ్దంలో చెప్పాడు. 1926లో వాల్టర్ కానన్ దానికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. 1930లలో అమెరికాలో అలెక్సిస్ హార్ట్‌మన్ రింగర్ ద్రావణానికి లాక్టేట్ కలిపాడు. మన ఆసుపత్రుల్లో నర్సులు ‘ఆర్ఎల్’ అనే బాటిల్ అదే. ‘నార్మల్ సెలైన్’లో క్లోరైడ్ లీటరుకు 154 మిల్లీమోల్స్, రక్తంలో నూటికి అటూ ఇటూ. పేరులో ఉన్నంత నార్మల్ దానిలో లేదు.

నీరసంగా ఉందని సెలైన్ పెట్టించుకోవడం మన పల్లెల్లో మామూలైపోయింది. అరలీటరు అయిదు శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. తినగలిగిన మనిషికి ఆ సూది అక్కర్లేదు.

సూది లేకుండానే ప్రాణాలు నిలబెట్టొచ్చని చూపింది 1971. బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో సెలైన్ నిల్వలు అయిపోతే, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, తినేసోడా, గ్లూకోజ్ కలిపి డ్రమ్ముల్లో పోయించి, కలరా రోగులకు వాళ్ల బంధువుల చేతే తాగించాడు. నూటికి 30 మంది దాకా పోతున్న చోట మరణాలు 3.6 శాతానికి దిగాయి. పేగులో గ్లూకోజ్ తనతోపాటు సోడియాన్ని లోపలికి తీసుకెళ్తుంది, నీరు వాటి వెంట పోతుంది. ఈ సంగతి జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లోనే చెప్పాడు. గ్లూకోజ్ బదులు బియ్యప్పిండి వాడిన ద్రావణాన్ని తరవాత ఢాకాలో పరీక్షిస్తే కలరా రోగులకు విరేచనాలు ఇంకా తగ్గాయి. ఇంట్లో ఉప్పేసి ఇచ్చే గంజి దానికి దగ్గరి చుట్టమే.