ఎదకు రావడం

ఆవు ‘ఎదకొచ్చింది’ అంటాం. ఈ మాటలో నన్ను ఆపేది ‘ఎద’ కన్నా ఆ ‘కు రావడం’. చేను కోతకొస్తుంది, మామిడి పూతకొస్తుంది, బెల్లం పాకానికొస్తుంది. కోతకొచ్చిన చేను తనంతట తాను కుప్పపడదు, కొడవలి పడాలి. వచ్చిందంటే సిద్ధమైందనే, పని జరిగిపోయిందని కాదు.

గ్రీకు మాటల ధోరణి వేరు. ‘ఈస్ట్రోజెన్’లో దాగిన ‘ఓయిస్ట్రోస్’ అంటే జోరీగ. ఆవుగా మారిన అయోను హేరా పంపిన జోరీగ దేశాలు పట్టించిందని వాళ్ల పురాణం. 1905లో లండన్ ఉపన్యాసాల్లో శరీరక్రియా శాస్త్రవేత్త స్టార్లింగ్ వాడిన ‘హార్మోన్’ కూడా పురికొల్పడమనే గ్రీకు క్రియ నుంచి వచ్చిందే. రెండు మాటల్లోనూ పశువు వెనక ఎవరో ముల్లుగర్ర పట్టుకున్నట్టే ఉంటుంది.

జరిగేది అది కాదు. అండాశయంలో ఎదిగే పుటిక (ఫాలికిల్) నుంచి ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ రక్తంలోకి వస్తుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో నాడీకణాల లోపలి గ్రాహకాలకు అతుక్కుని, అక్కడ ఏ జన్యువులు ఎంత పనిచేయాలో మారుస్తుంది. నిన్న మరో ఆవు మీదికెక్కితే విదిలించుకుని పోయిన ఆవే ఇవాళ కదలకుండా నిలబడుతుంది. ఎక్కేది లేకపోతే నిలబడటమూ ఉండదు. జారే సిమెంటు నేల మీద, కాలు కుంటుతున్నప్పుడు ఆ లక్షణాలు తగ్గిపోతాయి. అండాశయాలు తీసేసిన ఆవుకు ఈస్ట్రడయాల్ ఎక్కించినా ఎదకొస్తుంది. విడుదల కావడానికి అండమే లేదు, నడవడిక మాత్రం ఉంది. మార్పు మెదడులో జరుగుతోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

(ఏనుగు సంగతికొస్తే మనమే మాట మార్చాం. మదం ‘ఎక్కుతుంది’, కల్లు ఎక్కినట్టు. ఆ రోజుల్లో మగ ఏనుగు రక్తంలో టెస్టోస్టిరాన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది, కణతల నుంచి మదజలం కారుతుంది. మావటికి ఆ క్రియ అతిశయోక్తి అనిపించదు.)

వీటన్నిటికంటే నాకు ముచ్చటేసే మాట ‘మూగ ఎద’. అండం విడుదలవుతుంది, గేదె అరవదు, మీదికెక్కదు. ఎండాకాలంలో గేదెల్లో ఇది మరీ ఎక్కువ. ఆవుల్లో ఈనిన తర్వాత తొలి అండం కూడా చాలాసార్లు ఇలా చడీచప్పుడూ లేకుండానే విడుదలవుతుంది. మెదడు ఈస్ట్రడయాల్‌కు పూర్తిగా స్పందించాలంటే, అంతకుముందు కొన్నాళ్లు ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ ప్రభావంలో ఉండి, ఆ ప్రభావం తగ్గి ఉండాలి. ఈనిన కొత్తలో ఆ ముందస్తు తయారీ ఉండదు. అండాశయం పని ఒకటి, మెదడు పని మరొకటి అన్న తేడా ‘మూగ’ అనే రెండక్షరాల్లోనే ఉంది. జోరీగ కుట్టిన పశువు మూగగా ఉండటం కుదరదు. ఎదకొచ్చిన పశువుకు కుదురుతుంది. అందుకే ఈ విషయంలో మన పాడిరైతుల మాటే గ్రీకు మాటకంటే శాస్త్రానికి దగ్గర.

ఒక ఎద తప్పితే మళ్లీ దాదాపు 21 రోజులు ఆగాలి. కాబట్టి గేదె అరుపు కోసం కాచుక్కూర్చోకండి. తెల్లవారుజామునా, రాత్రి పడుకోబోయే ముందూ కొట్టంలోకి వెళ్లి, మానం నుంచి జిగురు తీగలు వేస్తోందేమో చూడండి. ఉదయం ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించండి.